మణెమ్మ చేతి రందా

నాగోజి చేసిన పిడులు చూడముచ్చటగా ఉండేవి. కానీ తిరిగొచ్చేవి.

వారమో పది రోజులో గడవగానే ఎవరో ఒక వడ్రంగి తన రందాను చంకలో పెట్టుకుని గుట్ట ఎక్కేవాడు. నాగోజి అటు తిరిగి ఉన్న సమయం చూసి బుర్హాన్ బాబా చెవిలో మెల్లగా చెప్పేవాడు.

"బాబా, పిడి బంగారమే. వంక పెట్టేటట్టు లేదు. కాకపోతే... మీరు చేసిందొకటి ఉంటే ఇస్తరా?"

బాబా చేసిన పిడులు చూస్తే ఎవరికీ రెండోసారి చూడాలనిపించదు. మెరుపు ఉండదు. ఒకదానికి ఒకటి పోలిక ఉండదు. ఒక్కోటి ఒక్కో వైపు వంగి ఉంటుంది. కానీ పట్టుకెళ్ళినవాడు మళ్ళీ తిరిగి తెచ్చింది లేదు.

బుర్హాన్ బాబా ఫకీరు. గులాబ్‌గుట్ట మీద, దర్గాకు కొంచెం కిందుగా, పెంకులు కప్పిన చావడిలో ఉంటాడు. ఆయన చేసే పనల్లా పాత రందాలను బాగుచెయ్యడం. చెక్కను చిత్రిక పట్టే ఆ ఇనుప పనిముట్లు తుప్పుపట్టి, పిడి విరిగి, మూలన పడ్డాక వడ్రంగులు తెచ్చి ఆయన ముందు పెట్టి పోతారు. తిరిగి తీసుకెళ్ళేటప్పుడు కాసిని బియ్యమో, ఇంత బెల్లమో ఇచ్చి దండం పెడతారు.

మూడేళ్ళ కిందట నాగోజి ఈ గుట్ట ఎక్కింది పిడులు చెయ్యడానికి కాదు. అతను చెక్కడం పనిలో పేరున్నవాడు. ఒక ఊళ్ళో రథానికి హంసల వరస చెక్కి, ఉత్సవం నాడు జనం మధ్యలో నిలబడి, ఎవరేమంటారో అని చెవులు రిక్కించుకుని విన్నాడు. జనం దేవుణ్ణి చూశారు. పూలు చూశారు. కొత్త మోకులు చూశారు. హంసల మాట ఒక్కరూ ఎత్తలేదు. నాగోజికి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు తన మీద తనకే సిగ్గేసి, బాబా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"బాబా, నాకో రోగమున్నది. నలుగురు మెచ్చుకోకపోతే ముద్ద దిగదు. దీనికి మందు చెప్పుండ్రి."

బాబా పక్కనున్న తుమ్మ మొద్దు తీసి అతని ఒళ్ళో పెట్టాడు.

"ఒక పిడి చెయ్యి," అన్నాడు.

అప్పటి నుంచి నాగోజి అరవైకి పైగా చేశాడు. రోగం తగ్గకపోగా ముదిరింది. రథం మీది హంసలను ఎవరూ పట్టించుకోలేదు, సరే. ఈ పిడులను పట్టించుకుని మరీ తిరిగి తెస్తున్నారు.

ఒకరోజు పొద్దున ఉండబట్టలేక అడిగేశాడు.

"నా పిడిల తప్పేమున్నది బాబా?"

"తప్పేం లేదు."

"మరి తిరిగెందుకు వస్తున్నయి?"

"కాళ్ళున్నయేమో."

"నవ్వులాట కాదు బాబా. నిద్రల కూడ ఇదే రంది. ఒకటే దిగులు."

"రంది ఇడిసిపెట్టు బేటా. రందా పట్టుకో."

ఆ మాటకు తనే పగలబడి నవ్వాడు బాబా. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. నాగోజి నవ్వలేదు. ఆ చమత్కారం అతను వినడం అది నలభయ్యోసారి.

*

ఆ రోజే మణెమ్మ వచ్చింది.

ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. గుట్ట కింది ఊళ్ళో వడ్రంగి వడ్ల సదానందం భార్య. దర్గాకు కొత్త తలుపులు చేసే పని సదానందం ఒప్పుకున్నాడు. చెక్క కోసి పెట్టుకున్న మర్నాడే కొట్టం పైకప్పు సర్దబోయి జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. చూరులో దోపి ఉన్న రందా కూడా అతనితోపాటే పడి పిడి రెండు ముక్కలైంది. నెల రోజులుగా ఆయన మంచం మీద ఉంటే, రందా వాన నీళ్ళలో పడి తుప్పు పట్టింది.

"తలుపులు నేను చేస్త అన్న బాబా," అంది మణెమ్మ. "ఇరవై ఏండ్లసంది ఆయన కోస్తే చిత్రిక పట్టింది నేనే. కాని దర్గా పెద్దలు నమ్ముతలేరు. ఉర్సు పండుగకు ఇరవై నాలుగు రోజులున్నయి. ఆ లోపల కాకపోతే వేరేటోళ్ళకు ఇస్తరట. ఆడమనిషితోని అయ్యే పని కాదని ఊరంత అనుకుంటున్నరు. మా ఆయన మంచం మీద పండి గోడ దిక్కు తిరిగిండు."

కుడిచేత్తో రందా తీసి ఇచ్చింది. కుడిచేత్తో దండం పెట్టి గబగబా మెట్లు దిగిపోయింది.

బాబా నమాజుకు కాళ్ళు కడుక్కుంటూ, ఆ రందాను తిప్పి చూస్తున్న నాగోజిని అడిగాడు.

"ఎవరికి చేస్తున్నవు?"

"ఇనుప రందాకు బాబా. మంచి రకం. ఇసొంటిది ఈ మధ్యన చూడలే."

"నేనడిగింది ఎవరికని."

"అదే... సదానందం రందా."

బాబా నమాజుకు వెళ్ళిపోయాడు.

నాగోజి ఆ పని మీద ప్రాణం పెట్టాడు. ఈసారి తిరిగి రాకూడదు. ఇనుమును చింతపండు నీళ్ళలో నానబెట్టి, ఇటుక పొడితో తోమి తుప్పు వదిలించాడు. అడుగు పలక మీద బొగ్గుతో గీతలు గీసి, ఇసక చల్లిన బండ మీద రుద్దాడు. గీతలన్నీ చెరిగేదాకా రుద్దాడు. అంటే అడుగు సమంగా వచ్చినట్టు. బ్లేడును నూరి, తన ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూసుకున్నాడు. నున్నగా తెగాయి.

పిడికి తను దాచుకున్న జిట్రేగి ముక్క తీశాడు. నల్లటి చారలున్న ఎర్రటి చెక్క. అరచేయి ఆనుకునే చోట చిన్న ఉబ్బు, బొటనవేలు కూర్చునే చోట చిన్న గుంట తన చేతి కొలతకే పెట్టాడు. పక్కన, వేళ్ళకు తగిలీ తగలనట్టు, ఎనిమిది రేకుల తామరపువ్వు చెక్కాడు. పన్నెండు రోజులు పట్టింది.

మణెమ్మ వచ్చి చూసి నోరు తెరిచింది.

"అమ్మో, దీన్ని పూజల పెట్టుకోవాలె గాని పనికెట్ల వాడుత అన్నా!"

నాగోజి ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

*

మూడో రోజు మణెమ్మ మళ్ళీ వచ్చింది. రందా ఒళ్ళో పెట్టుకుని చావడి మెట్టు మీద కూర్చుంది. పిడి చుట్టూ పాత చీరపేలిక చుట్టి, దారంతో బిగించి కట్టి ఉంది. జిట్రేగి కనపడదు. తామరపువ్వు కనపడదు.

నాగోజి ముఖం మాడిపోయింది.

"ఏందక్కా ఇది?"

"తప్పు పట్టుకోకు అన్నా. చెయ్యి కోసుకపోతున్నది. బట్ట చుట్టినంక జరంత నయం. పేలిక జారుతున్నది, అందుకనే వచ్చిన."

"పట్టుకునుడు సక్కగ పట్టుకుంటలేవేమో."

బాబా ఒక పలక తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఒక్కసారి తోసి చూపియ్యి బిడ్డా."

మణెమ్మ లేచి, చీరకొంగు నడుముకు దోపుకుని, పిడిని ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి ముందర ఆనించి ఒక్క తోపు తోసింది. చెక్క పొర సన్నగా, పొడుగ్గా చుట్టుకుంటూ లేచింది. పని వచ్చిన చెయ్యి అది. కానీ సగం దూరం పోయాక ఆమె పళ్ళు బిగబట్టింది.

నాగోజికి ఒక్కసారి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఇగో, చూసిన్రా బాబా! పుర్రచెయ్యి! పిడిల ఏం తప్పు లేదు. చెయ్యే తప్పు."

మణెమ్మ ఎడమచేతిని గబుక్కున కొంగులో దాచుకుంది. చిన్నప్పటి నుంచి ఆ చెయ్యి మీద పడిన దెబ్బలు ఎన్నో, ఆమెకే తెలుసు.

బాబా పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టాడు. డబ్బా మూత తీసి చూశాడు.

"బెల్లం అయిపోయింది. బజారుకు పోయిరా నాగోజీ."

నాగోజి లేచి మెట్టు దగ్గర విడిచిన చెప్పులు తొడుక్కోబోయాడు.

"అట్ల కాదు," అన్నాడు బాబా. "కుడిది ఎడమ కాలికి, ఎడమది కుడి కాలికి."

నాగోజి ఆయన ముఖంలోకి చూశాడు. నవ్వులాటలా లేదు. గురువు చెప్పాక చేసేదేముంది? తొడుక్కున్నాడు. బొటనవేలు దూరాల్సిన తోలు ఉంగరంలో చిటికెనవేలు ఇరుక్కుంది. మిగతా వేళ్ళు అటూ ఇటూ వేలాడాయి. అలాగే గుట్ట దిగాడు.

బజారులో నడుస్తుంటే బాతు నడిచినట్టుంది. ఒక కుక్క అనుమానంగా కొంతదూరం వెంట వచ్చింది. కిరాణా కొట్టు ముందు కూర్చున్న ముసలమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పరీక్షగా చూసింది.

"పొద్దున్నే కల్లు పట్టించినవా నాయినా?" అంది.

కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాగోజి బెల్లం పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా తిరిగొచ్చాడు. గుట్ట ఎక్కేసరికి చిటికెనవేలి పక్కన బొబ్బ లేచింది.

బాబా బెల్లం నలగ్గొట్టి గిన్నెలో వేశాడు. చాయ్ గ్లాసుల్లో పోస్తూ అడిగాడు.

"చెప్పులు ఎట్లున్నయి?"

"మంచి చెప్పులే బాబా."

"తోలు?"

"మెత్తటి తోలు."

"కుట్టు?"

"గట్టి కుట్టే."

"మరి కుంటుతున్నవేంది?"

నాగోజి చెప్పులు విప్పడానికి వంగాడు. కొంగు చాటున ఉన్న మణెమ్మ చెయ్యి కనపడింది. చెప్పులు విప్పి, కుడిది కుడి వైపు, ఎడమది ఎడమ వైపు పెట్టాడు.

"చాయ్ చల్లారుతది, తాగు," అన్నాడు బాబా.

నాగోజి చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి, మణెమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, తప్పు మాటన్న. రందా రెండు రోజులు నా దగ్గర ఉంచు."

"తొమ్మిది రోజులే ఉన్నయి అన్నా ఉర్సుకు."

"అయితే ఒక్క రోజు."

*

ఆమె వెళ్ళాక నాగోజి పేలిక విప్పబోయి ఆగాడు. ఆ చుట్టడంలో ఏదో లెక్క ఉన్నట్టు అనిపించింది. ఊరికే గుండ్రంగా చుట్టలేదు. అరచేతి మొదలు ఆనేచోట నాలుగు మడతలు. మధ్యలో ఒక్కటే. ఎడమ బొటనవేలు పడేచోట బట్ట పక్కకు లాగి కట్టి ఉంది. తనకు ఎక్కడ చెక్క కావాలో, ఎక్కడ వద్దో మణెమ్మ ఆ పేలికతో రాసి పంపినట్టుంది.

దారంతో, పుల్లలతో ఆ కొలతలన్నీ తీసుకున్నాడు. ఆ తర్వాతే ముడి విప్పాడు.

బట్ట లోపలి పొరలో ఎర్రటి మరక ఉంది. దాని కింద ఏముందో చూశాడు. తామరపువ్వు. అందులోనూ, అతను అన్నిటికంటే మురిసిపోయిన మూడో రేకు.

ఆ రేకు అంచు మీద వేలు పెట్టి నొక్కి చూశాడు.

తర్వాత లేచి, కట్టెల కుప్పలోంచి మామూలు తుమ్మ ముక్క తీశాడు. దాన్ని కొయ్యబోయే ముందు, ఒక పాత రందా ఎడమచేత్తో పట్టుకుని బల్ల మీది పలకను తోయడం మొదలుపెట్టాడు. మొదటి తోపుకు రందా పక్కకు జారి బల్ల దిగిపోయింది. రెండో తోపుకు పలకే లేచి గోడకు కొట్టుకుంది. మూడో తోపుకు తనే బల్ల మీద బోర్లా పడ్డాడు. బాబా మిగిలిన బెల్లం నోట్లో వేసుకుని తమాషా చూస్తున్నాడు.

"మూడేండ్లసంది నీ పని చూస్తున్న," అన్నాడు. "ఇంత సరదాగ ఎప్పుడు లేదు."

ఈసారి నాగోజికి కూడా నవ్వొచ్చింది.

మధ్యాహ్నం దాకా అలాగే తోశాడు. మెల్లమెల్లగా ఎడమచెయ్యి ఎక్కడ బరువు వేస్తుందో, మణికట్టు ఎటు తిరగాలనుకుంటుందో, కుడిచేతికి తెలియనివి కొన్ని తెలిసొచ్చాయి. అప్పుడు తుమ్మ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. చెక్క పోగు పొడుగునా వచ్చేటట్టు కోశాడు. అడ్డంగా వస్తే మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది. ఆకురాయితో రాశాడు, దారంతో కొలిచాడు, ఎడమచేత్తో పట్టుకు చూశాడు, మళ్ళీ రాశాడు. గాజు పెంకుతో గీకి నువ్వుల నూనె పట్టించాడు.

అంతా అయ్యాక అలవాటు చొప్పున సన్న ఉలి తీసి, పిడి అడుగున గోరంత హంసను చెక్కాడు. అది అతని గుర్తు. పట్టుకుని చూస్తే చిటికెనవేలికి గరుగ్గా తగిలింది. పైకి జరిపి పట్టుకున్నాడు. అయినా తగిలింది. తనలో తనే గొణుక్కుంటూ గాజు పెంకు అందుకుని హంసను గీకేశాడు.

మర్నాడు మణెమ్మ వచ్చింది. రందాను ఎడమచేత్తో అందుకోవడానికి ఒక్క క్షణం తటపటాయించింది. నాగోజి తనే పిడి ఆమె ఎడమచేతి వైపు తిప్పి పట్టుకున్నాడు. ఆమె బల్ల మీద ఒక్క తోపు తోసింది. ఇంకొకటి. తలెత్తి ఎండ ఎంత ఎక్కిందో చూసింది.

"పోయొస్త బాబా, శాన పనున్నది," అంటూ దిగిపోయింది.

బాగుందనలేదు. బాగాలేదనీ అనలేదు.

ఆ పూట అన్నం ముందు పెట్టుకుని నాగోజి దిక్కులు చూశాడు.

"తినవా?" అన్నాడు బాబా.

"ఒక్క మాటన్న అనలే బాబా."

బాబా అతని పళ్ళెం కూడా తన ముందుకు జరుపుకుని తినేశాడు.

*

రోజులు గడిచాయి. మణెమ్మ రాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైనప్పుడల్లా నాగోజి ఉలిక్కిపడి చూసేవాడు. ఎవరెవరో వచ్చారు, ఆమె మాత్రం రాలేదు.

ఉర్సుకు ముందు రోజు పొద్దున, పైనున్న దర్గా దగ్గర గోల వినిపించింది. గురుశిష్యులిద్దరూ వెళ్ళారు.

తలుపులు వచ్చేశాయి. రెండు రెక్కలూ బందుల మీద నిలబెట్టారు. సదానందాన్ని నలుగురు మనుషులు కుర్చీలో మోసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. ఆయన గోడ వైపు తిరగడం మానేసి, కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకుని, అందరికీ అడిగినా అడగకపోయినా సలహాలిస్తున్నాడు. దర్గా పెద్ద హమీద్ సాబ్ ఒక రెక్కను నెట్టాడు. అది పోయి పోయి పైన ద్వారబంధం చౌకట్టుకు పట్టేసింది. మళ్ళీ నెట్టాడు. కదల్లేదు.

"నేను ముందే చెప్పిన," అన్నాడు హమీద్ సాబ్, తన టోపీ సర్దుకుంటూ. "రేపు పొద్దున ఉర్సు. ఇప్పుడేం చేద్దాం?"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మణెమ్మ ఎవరి వైపూ చూడలేదు. పట్టేసిన రెక్కను వెనక్కి లాగి, స్టూలు తెచ్చి వేసుకుంది. అది ఒక కాలు పొట్టిదై ఊగుతోంది. దాని మీదికి ఎక్కి, రెక్క పై అంచును వేలితో తడిమి, రందా అందుకుంది.

ఒక్క తోపు. రెక్క వెడల్పంతా చెక్క పొర తెగకుండా వచ్చింది. తేలుకుంటూ వచ్చి హమీద్ సాబ్ టోపీ మీద వాలింది. ఆయన దులుపుకునేలోగా రెండోది వచ్చి గడ్డంలో చిక్కుకుంది.

"ఇంక చాలు, చాలు!" అని కుర్చీలోంచి అరిచాడు సదానందం. "ఎక్కువ తీస్తే సందొస్తది!"

"నాకు తెల్సు," అంది మణెమ్మ. ఇంకొక్క పొర తీసింది.

వేలితో నెట్టింది. రెక్క చప్పుడు లేకుండా వెళ్ళి చౌకట్టులో కూర్చుంది. వెంట్రుక దూరే సందు లేదు.

"వాహ్!" అన్నాడు హమీద్ సాబ్, గడ్డంలో చెక్క పొరతోనే. అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు తలుపు నిమిరి చూశారు. కొందరు చెక్క ఎక్కడిదని అడిగారు. సదానందం కళ్ళు తుడుచుకుంటూ, "నా పెండ్లాం," అని పక్కనున్నవాడికి పరిచయం చేశాడు. వాడు సదానందం తమ్ముడే.

మణెమ్మ అప్పటికే స్టూలు రెండో రెక్క దగ్గరికి లాగింది.

నాగోజి ఆమె పక్కకు చేరాడు. అడగకూడదనుకున్నాడు. అడిగేశాడు.

"అక్కా, పిడి ఎట్లున్నది?"

మణెమ్మ రెండో రెక్క అంచునే చూస్తోంది. ఎక్కడ పట్టేస్తుందో అంచనా వేస్తోంది. అతని మాట ఆమెకు కాస్త ఆలస్యంగా చేరింది.

"ఏ పిడి?" అంది, ఎడమచేతిలో రందా ఉండగానే.

వెనక మెట్టు మీద కూర్చున్న బాబా పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. దగ్గుతూనే అన్నాడు.

"ఇంకోసారి అడుగు బేటా."

నాగోజి అడగలేదు. మణెమ్మ స్టూలు ఎక్కుతుంటే, అది ఊగకుండా వంగి రెండు చేతులా పట్టుకున్నాడు.